మైగ్రేన్ ఉన్నవారికి పక్షవాతం ముప్పు: రక్తపరీక్ష ఎంతవరకు చెప్పగలదు?

అమెరికాలో 1990ల మొదట్లో, వైద్యరంగంలో పనిచేసే 45 ఏళ్లు దాటిన మహిళలతో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. పేరు విమెన్స్ హెల్త్ స్టడీ. ఆస్పిరిన్, విటమిన్-ఇ గుండెజబ్బుల్ని ఆపగలవా అన్నది తేల్చడానికి పెట్టుకున్న అధ్యయనం అది. చేరేటప్పుడు వారిలో చాలామంది రక్తం ఇచ్చారు, తలనొప్పి గురించి అడిగినదానికి జవాబులూ రాసిచ్చారు. ఆ రెండింటినీ ఒకచోట పెట్టి చూసే పని తర్వాత టోబియాస్ కుర్త్ బృందం చేసింది. 2008లో వారు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన ఫలితం చాలామంది ఊహించని దిశలో వచ్చింది. వయసు, కొలెస్ట్రాల్, బీపీ, పొగ అలవాటు వంటివాటితో కట్టే ఫ్రామింగ్‌హామ్ స్కోరు ప్రకారం 27 వేలకు పైగా మహిళలను వర్గాలుగా విడదీశారు. స్కోరు అన్నిటికన్నా తక్కువ ఉన్న వర్గంలో, ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్నవారికి పక్షవాతం ముప్పు మైగ్రేన్ లేనివారికంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. స్కోరు బాగా ఎక్కువ ఉన్న వర్గంలో ఆ తేడాయే లేదు. అక్కడ మైగ్రేన్‌తో పాటు పెరిగింది గుండెపోటు.

మామూలు పరీక్షల్లో రక్తం శుభ్రంగా ఉన్న స్త్రీకే మైగ్రేన్ వల్ల పక్షవాతం ముప్పు ఎక్కువగా కనబడిందంటే, ఆ మామూలు పరీక్షలు ఈ ముప్పును కొలవడం లేదని అర్థం. మరి ఏది కొలుస్తుంది? దశాబ్దాలుగా సాగుతున్న ఈ వెతుకులాటను ఒక క్రమంలో పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మైగ్రేన్ ఉన్న ఫలానా మనిషికి పక్షవాతం వస్తుందో రాదో చెప్పే రక్తపరీక్ష ఇంతవరకు రాలేదు. ఉన్న ఆధారాలు మాత్రం కొవ్వును వదిలి, రక్తం గడ్డకట్టే వ్యవస్థ వైపూ, రక్తనాళాల లోపలి పొర వైపూ వేలు చూపిస్తున్నాయి. ఆ వైపు చూస్తే మన దగ్గర ఆడవాళ్లు మందుల షాపులో కొనే కొన్ని మాత్రల సంగతి కూడా బయటికొస్తుంది.

ముందు ముప్పు కొలత ఎంతో తెలియాలి. తలనొప్పికి ముందు కళ్ల ముందు వంకర గీతలు మెరవడం, చూపులో ఒక పక్క మసకబారడం, వేళ్ల నుంచి మూతి దాకా తిమ్మిరి పాకడం, మాట తడబడడం, ఇలాంటివి ఐదు నిమిషాల నుంచి గంట దాకా ఉండి పోతే దాన్ని ఆరా అంటారు. మైగ్రేన్ ఉన్నవారిలో మూడో వంతు మందికి ఇది ఉంటుంది. 2009లో మార్కస్ షుర్క్స్, తదితరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, ఆరా ఉన్నవారికి నాళం పూడి వచ్చే పక్షవాతం ముప్పు 2.16 రెట్లు అని తేలింది. ఆరా లేని మైగ్రేన్‌లో కనిపించిన కొద్దిపాటి పెరుగుదల గణాంకాల పరీక్షకు నిలవలేదు. రెట్టింపు అన్న మాట వింటే గుండె గుభేలుమంటుంది. అందుకే అసలు సంఖ్యలు కూడా చూడాలి. డెన్మార్క్‌లో ఆస్పత్రి రికార్డులకెక్కిన 51 వేలమంది మైగ్రేన్ రోగులను, వారికి పదిరెట్ల మంది ఇతరులతో పోల్చిన అధ్యయనం 2018లో వచ్చింది. పంతొమ్మిదేళ్లలో ఈ పక్షవాతం మైగ్రేన్ ఉన్నవారిలో వెయ్యికి 45 మందికి, లేనివారిలో 25 మందికి వచ్చింది. అంటే మైగ్రేన్ ఉన్న వెయ్యిమందిలో తొమ్మిది వందల యాభై మందికి పైగా ఆ పంతొమ్మిదేళ్లూ ఈ రకం పక్షవాతం లేకుండానే గడిపారు. చిన్న వయసులో దృశ్యం వేరు. ఆ వయసులో పక్షవాతం అరుదు, వచ్చినవాటిలో మాత్రం మైగ్రేన్ వాటా పెద్దది. అమెరికాలోని కొలరాడో సమాచారంతో 2024లో వచ్చిన విశ్లేషణ ప్రకారం 18 నుంచి 34 ఏళ్ల స్త్రీల పక్షవాతాల్లో సుమారు 35 శాతం, పురుషుల్లో 20 శాతం మైగ్రేన్‌తో ముడిపడినవి.

రక్తం మీద అనుమానం పాతదే. 1967లో సిడ్నీలో ఆంథొనీ, లాన్స్ బృందం మైగ్రేన్ దాడి సమయంలో ప్లాస్మాలో సెరటోనిన్ పడిపోతోందని చూపింది. రక్తంలో సెరటోనిన్ దాదాపు అంతా ఉండేది ప్లేట్‌లెట్లలో. 1978లో బ్రిటిష్ వైద్యురాలు ఎడ్డా హానింగ్టన్, మైగ్రేన్ అసలు రక్తానికి సంబంధించిన జబ్బేనా అని లాన్సెట్ పత్రికలో ప్రశ్న వేశారు. ప్లేట్‌లెట్లు అతిగా అతుక్కుంటూ సెరటోనిన్ వదలడమే తలనొప్పికి మూలమని ఆమె వాదన. ఆ సిద్ధాంతం నిలవలేదు. 1944లోనే బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో కుందేలు మెదడు మీద కనిపెట్టిన అల ఆరాకు మూలమని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. మెదడు ఉపరితలం మీద నిమిషానికి రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల వేగంతో పాకే విద్యుత్ స్తబ్ధత అది. జబ్బు మెదడుదని తేలాక రక్తం వెనకబడింది.

హానింగ్టన్ కారణం విషయంలో పొరబడ్డా ఆమె చూసిన దిశ వృథా కాలేదు. 2010లో బోస్టన్ పరిశోధకులు ఎలుకల మెడ ధమనిలోకి అతి సూక్ష్మమైన రేణువులు, గాలి బుడగలు పంపితే మెదడులో లియావో చెప్పిన అలే పుట్టింది. చాలా ఎలుకల్లో ఆ తర్వాత మెదడు కణజాలం చచ్చిపోయిన ఆనవాళ్లు కూడా లేవు. చిన్న గడ్డ ఏదో వచ్చి, నిమిషాల్లో కరిగిపోయి, ఆరా ఒక్కటే మిగల్చగలదన్నమాట. అంతకుముందు అందరూ మైగ్రేన్ పక్షవాతాన్ని తెస్తుందా అని అడిగేవారు. ఈ ప్రయోగం తర్వాత, గడ్డకట్టే గుణం ఉన్న రక్తమే ఇటు ఆరాను, అటు పక్షవాతాన్ని తెస్తోందా అన్న ప్రశ్నకు బలం వచ్చింది. గుండె పై గదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న రంధ్రం మామూలు జనంలో నాలుగో వంతుకు ఉంటే, ఆరా ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఉండడం కూడా ఈ ఆలోచనకు సరిపోతుంది. సిరల నుంచి వచ్చే చిన్న గడ్డ ఊపిరితిత్తుల్లో వడపోత పడకుండా ఆ దారిన మెదడుకు చేరగలదు. అయితే ఆ రంధ్రం మూస్తే మైగ్రేన్ తగ్గుతుందా అని చేసిన ప్రయోగాలు, 2008 నాటి మిస్ట్, 2017 నాటి ప్రీమియం, తాము పెట్టుకున్న ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. కాబట్టి ఆరా అంతా గడ్డల వల్లే అనడానికి లేదు. కొందరిలో కావచ్చు.

ఇక నాళాల లోపలి పొర సంగతి. ఎండోథీలియం అనే ఈ పొర ఒక కణం మందం మాత్రమే ఉంటుంది. రక్తం గడ్డకట్టాలా, పారాలా, నాళం బిగియాలా, సడలాలా అన్నది చాలావరకు దీని చేతిలో ఉంటుంది. అది గాయపడినా, ఉద్రేకపడినా వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే మాంసకృత్తిని రక్తంలోకి వదులుతుంది. ప్లేట్‌లెట్లు గోడకు అతుక్కోవడానికి పనికొచ్చే జిగురు అది. అమెరికాలోని టొలీడోలో గ్రెచెన్ టీట్జెన్ బృందం 2009లో, రక్తనాళాల జబ్బేమీ లేని, ఇంకా నెలసరి ఆగని స్త్రీలను పరీక్షించింది. మైగ్రేన్ ఉన్నవారిలో ఈ ఫ్యాక్టర్ చురుకుదనం, గడ్డలు కరిగించే వ్యవస్థకు చెందిన టీపీఏ, వాపు సూచిక సీఆర్‌పీ ఎక్కువగా కనబడ్డాయి. దానికి ఏడాది ముందు కొరియా నుంచి మరో కబురొచ్చింది. దెబ్బతిన్న పొరను బాగుచేసే మూలకణాలు మైగ్రేన్ ఉన్నవారి రక్తంలో, అందులోనూ ఆరా ఉన్నవారిలో, తక్కువగా తిరుగుతున్నాయని. 2015లో బెర్లిన్ పరిశోధకులు ఆరా ఉన్న స్త్రీల రక్తంలో ఈ పొర నుంచీ, ప్లేట్‌లెట్ల నుంచీ రాలిన సూక్ష్మ తునకలు ఎక్కువ ఉన్నట్టు చూపారు. పొర ఎక్కువగా రాలుతోంది, మరమ్మతు తక్కువగా జరుగుతోంది. మూడు దేశాల్లో మూడు పద్ధతుల్లో చేసిన పరిశోధనలు ఇలా ఒకేచోట కలవడం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది.

ఇవన్నీ చిన్న అధ్యయనాలు. మైగ్రేన్ వల్ల పొర దెబ్బతిన్నదా, పొర దెబ్బతిని ఉండడం వల్ల మైగ్రేన్ వచ్చిందా అన్నది వీటితో తేలదు. ఆ చిక్కు విప్పడానికి జన్యువుల ఆధారంగా వేసే లెక్క ఒకటుంది. పుట్టుకతోనే ఒక పదార్థం రక్తంలో ఎక్కువ ఉండేలా జన్యువులు ఉన్నవారికి జబ్బు ఎక్కువగా వస్తోందా అని చూస్తారు. జబ్బు తర్వాత వచ్చి జన్యువును మార్చదు కనుక కార్యకారణం కొంత స్పష్టమవుతుంది. 2021లో న్యూరాలజీ పత్రికలో వచ్చిన అలాంటి విశ్లేషణలో, గడ్డకట్టే ఎనిమిదో ఫ్యాక్టర్, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ జన్యుపరంగా ఎక్కువ ఉండే స్వభావం ఆరాతో కూడిన మైగ్రేన్‌కు దారితీస్తోందని తేలింది. ఆరా లేని మైగ్రేన్‌లో ఆ సంబంధం కనబడలేదు. పక్షవాతం ముప్పు పెరిగేదీ ఆరా ఉన్నవారికే అన్నది గుర్తుంచుకుంటే ఈ తేడా విలువ తెలుస్తుంది. అయినా ల్యాబ్‌కు వెళ్లి వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ కొలిపించుకోమని ఎవరికీ చెప్పలేం. జ్వరం వచ్చినా, గర్భం ఉన్నా, వయసు పెరిగినా, ఆందోళన పడినా అది పెరుగుతుంది. ఓ గ్రూపు రక్తం ఉన్నవారికి పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. వేలమంది సగటులో కనిపించే తేడా ఒక మనిషి రిపోర్టులో కనిపించదు.

కొలెస్ట్రాల్, సీఆర్‌పీల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. విమెన్స్ హెల్త్ స్టడీలోనే 2008లో రక్త సూచికలన్నీ కలిపి చూశారు. మొత్తం కొలెస్ట్రాల్, సీఆర్‌పీ మైగ్రేన్ చరిత్ర ఉన్నవారిలో కొద్దిగా ఎక్కువున్నాయి. ఆ తేడా చాలా స్వల్పం. లైపోప్రోటీన్-ఎ, ఫైబ్రినోజెన్, హోమోసిస్టీన్‌లలో తేడా లేదు. సీఆర్‌పీ లావుతోనూ, పంటి చిగుళ్ల వాపుతోనూ, మొన్నటి జలుబుతోనూ పెరిగేదే. వీటిని పరీక్షించుకోవాల్సింది గుండె కోసం, మధుమేహం ఉన్నవారైతే కాళ్ల నాళాల కోసం. మైగ్రేన్ కోసమైతే అక్కర్లేదు.

హోమోసిస్టీన్ కథ ఇంత తేలిగ్గా తెగేది కాదు. మన శరీరంలో ప్రొటీన్లు వాడుకునే దారిలో మధ్యలో పుట్టే పదార్థం అది. ఫోలేట్, బీ12, బీ6 సరిపడా ఉంటే ఎప్పటికప్పుడు మారిపోతుంది. లేకపోతే పేరుకుపోయి నాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువులో టీటీ అనే రకం ఉన్నవారికి ఇది పేరుకునే అవకాశం ఎక్కువ. అమెరికా మహిళల అధ్యయనంలోనే, ఆరా ఉన్నవారిలో ఈ టీటీ రకం కూడా కలిసి ఉంటే పక్షవాతం ముప్పు నాలుగు రెట్లు దాటింది. ఆస్ట్రేలియాలో లిన్ గ్రిఫిత్స్ బృందం 2009లో ఆరా ఉన్న 52 మందితో చేసిన ప్రయోగంలో ఒక వర్గానికి ఆరు నెలలపాటు రోజూ 2 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, బీ6, బీ12 ఇచ్చి చూసింది. వారిలో హోమోసిస్టీన్ 39 శాతం తగ్గింది. మైగ్రేన్ వల్ల తీవ్రంగా ఇబ్బందిపడేవారి శాతం 60 నుంచి 30కి దిగింది. తర్వాత తక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్‌తో చేసినప్పుడు అంత ఫలితం రాలేదు.

హోమోసిస్టీన్ తగ్గిస్తే పక్షవాతం తగ్గుతుందా అన్న ప్రశ్నకు పెద్ద ప్రయోగాలు ఒకే జవాబు చెప్పలేదు. ఎనిమిది వేలకు పైగా రోగులతో 2010లో ఫలితాలు వెలువడిన విటాటాప్స్‌లో ప్రయోజనం తేలలేదు. అంతకుముందు హోప్-2లో పక్షవాతాలు నాలుగో వంతు తగ్గాయి. చైనాలో బీపీ ఉన్న ఇరవై వేలమందికి పైగా రోగులతో జరిగి, 2015లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో, బీపీ మాత్రతో పాటు ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవారికి మొదటి పక్షవాతం 21 శాతం తగ్గింది. ఈ తేడాలకు ఒక కారణం ఊహించవచ్చు. పిండిలో ఫోలిక్ యాసిడ్ కలిపే దేశాల్లో జనానికి ముందే సరిపడా అందుతోంది, మరికొంత ఇచ్చినా మార్పు రాదు. లోటు ఉన్నచోటే ఇస్తే ఫలితం కనబడుతుంది.

ఇక్కడ మన సంగతి వేరు. భారతీయుల్లో ఆ టీటీ జన్యు రకం యూరోపియన్ల కంటే బాగా తక్కువ. మన రక్తంలో హోమోసిస్టీన్ పెరగడానికి ప్రధాన కారణం బీ12 లోటు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దక్షిణాది పట్టణవాసుల్లో, పైకి ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని పరీక్షించినప్పుడు మూడో వంతు మందికి పైగా బీ12 లోటు కనబడింది. కాబట్టి మైగ్రేన్‌తో వచ్చిన మనిషికి ఖరీదైన ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యు పరీక్ష రాయడం కంటే, ముఖ్యంగా శాకాహారులకూ, మధుమేహానికి ఏళ్లతరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికీ బీ12 చూడడం ఎంతో అర్థవంతం. తక్కువుంటే సూదిమందుతోనో, మాత్రలతోనో సరిచేయవచ్చు. మైగ్రేన్ తగ్గినా తగ్గకపోయినా నరాలకూ, రక్తానికీ మేలే. ఈ మొత్తం జాబితాలో మనవాళ్లకు వెంటనే పనికొచ్చే పరీక్ష ఇదేనని నా గట్టి నమ్మకం.

యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల విషయంలో జనం ఎక్కువ గందరగోళపడతారు. శరీరం తన గడ్డకట్టే వ్యవస్థ మీద తానే దాడి చేసే ఈ జబ్బులో నడివయసు రాకముందే పక్షవాతాలు, పదేపదే గర్భస్రావాలు వస్తాయి. 2002లో యూరప్‌లో వెయ్యిమంది ఇలాంటి రోగుల వివరాలు సేకరిస్తే ఐదో వంతు మందికి మైగ్రేన్ ఉంది. దాన్ని తిరగేసి, మైగ్రేన్ ఉన్నవారందరికీ ఈ యాంటీబాడీలు వెతకాలా? టీట్జెన్ బృందమే 1998లో పెద్ద సంఖ్యలో రోగులను చూసి, మామూలు మైగ్రేన్‌లో ఇవి ఎక్కువ ఉండవని తేల్చింది. కాళ్లలో గడ్డలు కట్టిన చరిత్ర, వరుస గర్భస్రావాలు, లూపస్, చిన్న వయసులో పక్షవాతం, వీటిలో ఏదైనా ఉంటేనే పరీక్ష చేయాలి. పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేయాలి. జ్వరాలప్పుడు తాత్కాలికంగా వచ్చిపోయే యాంటీబాడీలు చాలా ఉంటాయి. ఒక్క రిపోర్టు చూసి జీవితాంతం రక్తం పలచన చేసే మందు మొదలుపెట్టకూడదు.

సీజీఆర్‌పీ అనే పెప్టైడ్ వేరే కోవకు చెందింది. 1990లో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ దాడి సమయంలో మెడ సిర రక్తంలో ఈ పెప్టైడ్ పెరిగిందని చూపారు. తర్వాతి పరిశోధనల్లో అందరికీ అదే ఫలితం రాలేదు. అయినా దాన్ని అడ్డుకునే మందులు పనిచేశాయి. మొదటిది, ఎరెన్యూమాబ్, 2018లో అమెరికాలో అనుమతి పొందింది. 2021 బ్రెయిన్ ప్రైజ్ వీరిద్దరితో పాటు జెస్ ఒలేసన్, మైకేల్ మాస్కోవిట్జ్‌లకు దక్కింది. ఇది తలనొప్పి సూచికే తప్ప పక్షవాతం సూచిక కాదు. కాకపోతే నాళాలను విప్పార్చే పదార్థం కనుక, మెదడుకు రక్తం తగ్గినప్పుడు ఇది రక్షణగా నిలుస్తుందేమోనన్న అనుమానం ఉంది. ఈ తరగతి మాత్రలు ఇచ్చిన ఎలుకల్లో మెదడు దెబ్బ పెద్దదైనట్టు 2020లో వచ్చిన ప్రయోగం చూపింది. అందుకే పక్షవాతం వచ్చినవారికి ఈ మందులు రాయడానికి వైద్యులు వెనకాడతారు.

జన్యువుల వైపు నుంచి ఒక విచిత్రం చెప్పాలి. 2022లో లక్షమందికి పైగా మైగ్రేన్ రోగుల జన్యువులు చూసి 123 చోట్ల సంబంధాలు గుర్తించారు. అంతకుముందు 2016లో వచ్చిన పెద్ద విశ్లేషణలోనే వీటిలో చాలా జన్యువులు రక్తనాళాల కండరంలో చురుగ్గా ఉండేవని తేలింది. వాటిలో ఫ్యాక్టర్1 (PHACTR1) అనే జన్యువు దగ్గరి ఒక అక్షర భేదం మైగ్రేన్ నుంచీ, మెడ ధమని చీలిక నుంచీ కాపాడుతుంది, అదే గుండె ధమనుల పూడికను పెంచుతుంది. నాళాన్ని బిగించే ఎండోథీలిన్ ద్వారా ఇలా జరుగుతోందని 2017లో ఒక బృందం చెప్పింది, మరో ప్రయోగశాలకు ఆ ఆధారం దొరకలేదు. విధానం ఏదైనా, మైగ్రేన్ వైపు మొగ్గే నాళాలు, కొవ్వు పేరుకునే నాళాలు వేర్వేరు స్వభావం కలవని ఇది సూచిస్తోంది. ఆ అమెరికా మహిళల్లో స్కోరు తక్కువున్నవారికే పక్షవాతం ముప్పు ఎందుకు పెరిగిందో దీనితో కొంత అర్థమవుతుంది.

ఇన్ని పరిశోధనలు ఒకదానికొకటి సరిపోకపోవడానికి కారణాలు రక్తం తీసే పద్ధతిలోనే ఉన్నాయి. సీజీఆర్‌పీ రక్తంలో నిమిషాల్లో విరిగిపోతుంది. నమూనా చల్లగా ఉంచకపోతే కొలత మారిపోతుంది. కొందరు దాడి మధ్యలో రక్తం తీశారు, కొందరు నొప్పి లేని రోజున. నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్లను మారుస్తాయి, గర్భనిరోధక మాత్రలు గడ్డకట్టే ఫ్యాక్టర్లను పెంచుతాయి, వాల్ప్రోయేట్ ప్లేట్‌లెట్లను తగ్గించగలదు. ఆరా ఉందో లేదో అడిగే తీరు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంది. అన్నిటికీ మించి, చాలా అధ్యయనాలు రక్తాన్ని మైగ్రేన్‌తో పోల్చి ఆగిపోయాయి. అదే మనుషులను ఇరవై ఏళ్లు వెంబడించి ఎవరికి పక్షవాతం వచ్చిందో చూసినవి చాలా కొద్ది.

తలనొప్పి ఉన్నప్పుడు రక్తపరీక్ష నిజంగా జీవితాన్ని మార్చే సందర్భాలు కొన్ని లేకపోలేదు. యాభై దాటాక కొత్తగా తలనొప్పి మొదలై, నమిలితే దవడ నొప్పి, దువ్వితే తల నొప్పి ఉంటే ఈఎస్ఆర్, సీఆర్‌పీ అదే రోజు చేయించాలి. కణతల ధమని వాపు జబ్బులో చూపు శాశ్వతంగా పోవచ్చు, పక్షవాతమూ రావచ్చు. స్టెరాయిడ్ వెంటనే మొదలుపెడితే ఆపవచ్చు. ప్లేట్‌లెట్లు అతిగా తయారయ్యే రక్తజబ్బులో ఆరాలాంటి మెరుపులు వస్తాయి. మామూలు రక్తకణాల లెక్కలోనే అది బయటపడుతుంది, తక్కువ మోతాదు ఆస్పిరిన్‌తో మెరుపులు తగ్గుతాయి. ఇంట్లో చాలామందికి ఆరాతో కూడిన మైగ్రేన్, నడివయసులో పక్షవాతాలు, తర్వాత మతిమరుపు ఉంటే నాచ్-3 జన్యు పరీక్ష గురించి ఆలోచించాలి.

మన దగ్గర ఈ చర్చ ఒక ప్రత్యేకమైన మలుపు తిరుగుతుంది. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో మెదడు సిరల్లో గడ్డకట్టిన 428 మంది వివరాలు 2012లో ప్రచురించారు. సగటు వయసు ముప్పై దాటి ఏడాదో రెండేళ్లో. ఎక్కువమందికి మొదటి బాధ తలనొప్పే. కారణాల్లో రక్తహీనత, హోమోసిస్టీన్ పెరగడం, ఒక్కోటీ ఐదో వంతుకు దగ్గరగా ఉన్నాయి. గర్భనిరోధక మాత్రలు తొమ్మిది మందిలో ఒకరికి, ఇటీవలి కాన్పు పది మందిలో ఒకరికి కారణంగా నమోదయ్యాయి. రక్తహీనత మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇనుము తగ్గితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, రక్తం గడ్డకట్టే మొగ్గు పెరుగుతుంది. హిమోగ్లోబిన్ అన్నిటికన్నా చవకైన పరీక్ష. మైగ్రేన్ అని ఏళ్ల తరబడి మందులు మింగే ఆడపిల్లకు అది చేయించని ఇళ్లు ఎన్నో.

ఇక ఆ మాత్రల సంగతి. వ్రతం, పెళ్లి, తిరుపతి ప్రయాణం వస్తోందంటే నెలసరి వాయిదా వేయడానికి నోరెథిస్టిరోన్ మాత్రలు చీటీ లేకుండానే కొనడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఇది ప్రొజెస్టిరోన్ రకమే కదా, ఈస్ట్రోజెన్ లేదు కదా అనుకుంటారు. కానీ వాయిదాకు వాడే ఎక్కువ మోతాదులో, దానిలో కొంత భాగం శరీరంలో ఎథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. గర్భనిరోధక మాత్రల్లో గడ్డకట్టే గుణాన్ని పెంచేది ఆ ఈస్ట్రోజెనే. ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్న స్త్రీకి ఏ వయసులోనైనా ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగో వర్గంలో, అంటే ముప్పు ఒప్పుకోలేనంతగా ఉన్న వర్గంలో, పెట్టింది. కాపర్-టీ వంటి హార్మోన్ లేని సాధనాలు ఉన్నాయి. తక్కువ మోతాదు ప్రొజెస్టిరోన్ మాత్రలకు ఈ నిషేధం లేదు. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు, మందుల షాపులో మాత్ర అడిగేటప్పుడు, కళ్ల ముందు మెరుపులు వస్తాయన్న మాట చెప్పాలి. షాపులో ఉన్న ఫార్మసిస్టు కూడా అడగాలి, ఆ ఒక్క ప్రశ్నకు అరనిమిషం పట్టదు.

ఇలాంటి మాత్రలు వాడాక, లేదా కాన్పు తర్వాత వారాల్లో, ఎప్పుడూ వచ్చే మైగ్రేన్‌లా కాకుండా రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు రెండుగా కనబడడం, మూర్ఛ వస్తే అది సిరలో గడ్డ కావచ్చు. అలాంటప్పుడు డీ-డైమర్ అనే పరీక్ష చేస్తారు, గడ్డ ఉంటే సాధారణంగా పెరుగుతుంది. అయితే గర్భం, కాన్పు సమయంలో గడ్డ లేకపోయినా అది పెరిగి ఉంటుంది. గడ్డ చిన్నదైనా, వారాలు గడిచిపోయినా మామూలుగానే రావచ్చు. లక్షణాలు గడ్డనే సూచిస్తున్నప్పుడు డీ-డైమర్ మామూలుగా వచ్చినా, సిరలను చూపే ఎంఆర్ఐ స్కాన్ తీయించాల్సిందే.